స్టయల్ మిల్లు ఊరు: జీతాల పద్దుల్లో దొరికిన తాతముత్తాతలు



ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ విమానాశ్రయాన్ని ఆనుకుని స్టయల్ అనే చిన్న పల్లె ఉంది. చెషైర్ ప్రాంతంలో, బోలిన్ అనే ఏటి పక్కన. ఆ ఏటి లోయలో 1784లో కట్టిన ఎర్ర ఇటుకల నూలు మిల్లు ఇప్పటికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని పేరు క్వారీ బ్యాంక్. మిల్లుకు కాస్త ఎగువన కూలీల ఇళ్ళ వరుసలు, పిల్లల బడి, ప్రార్థనా మందిరం, ఒకప్పుడు బాలకార్మికులు తలదాచుకున్న తెల్లటి ఇల్లు, అన్నీ ఉన్నాయి. యజమాని బంగళా మిల్లు పక్కనే, మిల్లు నీటిచక్రం చప్పుడు వినబడేంత దగ్గరలో ఉంది.

ఇప్పుడది మ్యూజియం. సెలవు రోజుల్లో బడిపిల్లలు వస్తారు, పర్యాటకులు వస్తారు. వాళ్ళతోపాటు ఇంకో రకం మనుషులూ వస్తుంటారు. వాళ్ళకు యంత్రాల మీద పెద్దగా ధ్యాస ఉండదు. తమ ముత్తాత తండ్రో, ముత్తవ్వ తల్లో ఇక్కడ పనిచేశారని ఇంట్లో ఎవరో అనగా విని, ఆ పేరు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంటూ వస్తారు. చాలామందికి దొరుకుతుంది కూడా.

రాజులకు శాసనాలుంటాయి, జమీందార్లకు వంశచరిత్రలుంటాయి. దూది ఏకిన ఆడకూలీకి, తెగిన దారం అతికిన పదేళ్ళ పిల్లవాడికి ఏముంటుంది? స్టయల్‌లో వాళ్ళకు జీతాల పద్దు మిగిలింది. ఆ పద్దు రాసినవాడు చరిత్ర రాస్తున్నానని అనుకోలేదు. వారం చివర ఎవరికెంత ఇవ్వాలి, అద్దె కింద ఎంత తెగ్గొయ్యాలి, అది తేల్చుకోవడానికి రాసుకున్నాడు. అలాంటి కాగితాలతో ఒక పల్లె తన పూర్వీకులను ఎలా తిరిగి సంపాదించుకున్నదీ, ఆ కాగితాలు ఎక్కడ నోరు మూసుకున్నదీ ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

కథ మొదలుపెట్టినవాడు శామ్యూల్ గ్రెగ్. 1758లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే మాంచెస్టర్‌లో బట్టల వ్యాపారం చేసే మేనమామల దగ్గరికి చేరాడు. వాళ్ళ వ్యాపారం చేతికొచ్చాక సొంతంగా నూలు మిల్లు పెట్టాలనుకున్నాడు. రిచర్డ్ ఆర్క్‌రైట్ రూపొందించిన, నీటితో తిరిగే వడికే యంత్రం అప్పటికే పేరు మోసింది. ఆ యంత్రం తిరగాలంటే పారే నీరు కావాలి, నీటికి వాలు కావాలి. ఆ రెండూ పట్నంలో లేవు, బోలిన్ లోయలో ఉన్నాయి. అందుకని మిల్లే పల్లెకు వచ్చింది.

ఆ రోజుల్లో మన కోస్తాలో ఏం జరుగుతోందో కూడా ఇక్కడ ఒక్కమాట చెప్పుకోవాలి. గోదావరి పాయల వెంట ఇంజరంలో, నరసాపురం దగ్గరి మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగులు నడిచేవి. మన నేతగాళ్ళు నేసిన నూలుబట్ట ఓడలెక్కి లండన్ చేరేది. మన అద్దకపు బట్టల పోటీకి తట్టుకోలేక ఇంగ్లండ్ 1700లోను, 1721లోను నిషేధ చట్టాలు చేసింది. మొత్తం నూలుతో నేసిన బట్ట మీద ఉన్న ఆంక్షలను 1774లో సడలించింది. అది జరిగిన పదేళ్ళకు గ్రెగ్ మిల్లు లేచింది. ఆ తర్వాతి తరాల్లో లాంకషైర్ మిల్లులు మాధవాయిపాలెం పేరుతోనే ఒక రకం తెల్లబట్ట తయారుచేసి లోకమంతా అమ్మాయి. మన నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గాలు మూలపడటానికి బోలిన్ ఏటిలాంటి ఎన్నో చిన్న ఏళ్ళు కారణం.

మిల్లయితే లేచింది, మరి పనిచేసేదెవరు? చుట్టూ పొలాలు, అక్కడక్కడా విసిరేసినట్టు నాలుగిళ్ళు. సేద్యం చేసుకునేవాళ్ళు గంట కొడితే లోపలికి పోవాలి, గంట కొడితేనే బయటికి రావాలంటే ఒప్పుకోలేదు. ఆ చిక్కుకు గ్రెగ్, ఆ కాలపు చాలామంది మిల్లు యజమానుల్లాగే, ఒక దారి వెతికాడు. పేదల వసతిగృహాల్లో ఉన్న పిల్లలను అప్రెంటిస్‌ల పేరుతో తెప్పించడం. 1790లో వాళ్ళకోసం ఒక ఇల్లు కట్టించాడు. అదే ఇందాక చెప్పిన తెల్లటి ఇల్లు. మిల్లులో పనిచేసేవాళ్ళలో ఒక దశలో దాదాపు సగం మంది ఆ పిల్లలే. వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ.

ఆ పిల్లలు అక్కడికి ఎలా చేరారో చెప్పే ఉత్తరాలు మిగిలాయి. 1817లో బిడ్డల్ఫ్ అనే ఊరి చర్చి మతాధికారి గ్రెగ్‌కు ఒక లేఖ రాశాడు. మా ఊరి పేదల పిల్లలు మీ ఫ్యాక్టరీకి పనికొస్తారేమో, 9 నుంచి 12 ఏళ్ళ వయసు పిల్లలు, ఆడా మగా కలిపి ఒక పదిమందిని పంపగలమన్నది దాని సారాంశం. సరుకు బేరమాడినంత మామూలుగా ఉంటుందా ఉత్తరం. రాసినవాడు దుర్మార్గుడేమీ కాకపోవచ్చు. పేదపిల్ల ఊళ్ళో ఉంటే పోషణ భారం ఊరిది. మిల్లుకు పంపితే భారం మిల్లుది. పిల్లతోపాటు రెండు జతల బట్టలు, రెండు గినీల సొమ్ము ముట్టజెప్పడం కూడా ఆ ఒప్పందాల్లో ఉండేది. ఊరు డబ్బిచ్చి మరీ పిల్లలను వదిలించుకుంది.

ఒప్పందపత్రం మీద పిల్ల తరఫున పెద్దలు సంతకం పెట్టేవారు. అప్పటినుంచి యుక్తవయసు వచ్చేదాకా తిండి, బట్ట, పడక మిల్లువి. పిల్ల పని మిల్లుది. జీతం లేదు. నిర్ణీత వేళకు మించి పనిచేస్తే గంటకింతని ఒకటి రెండు పెన్నీలు వాళ్ళ ఖాతాలో వేసేవారు. తప్పు చేస్తే ఆ ఖాతాలోనే కోత. ఆ ఖాతాలు ఇప్పటికీ ఉన్నాయి.

పని రోజుకు 12 గంటల పైమాటే, వారానికి ఆరు రోజులు. దారం తెగకుండా ఉండాలంటే గాలిలో చెమ్మ ఉండాలి, వేడి ఉండాలి. దూది ఏకే గదిలో నుసి మంచులా కమ్ముకునేది. చిన్నపిల్లల పని తెగిన దారాల కొసలు అతకడం, నడుస్తున్న యంత్రం కిందికి పాకి రాలిన దూది ఊడ్చుకురావడం. పొద్దున్నే చిక్కటి గంజి. ఒక్కోసారి అది మిల్లు దగ్గరికే వచ్చేది. చేతిలో ముద్దలా పట్టుకుని తినగలిగేంత గట్టిగా ఉండేదట. ఆదివారం చర్చి, ఆ తర్వాత చదువు. యజమాని భార్య హానా గ్రెగ్, ఆమె పిల్లలు స్వయంగా వచ్చి వాళ్ళకు పాఠాలు చెప్పేవారు.

ఇదంతా యజమాని వైపు కాగితాల్లోనూ దొరుకుతుంది. పిల్లల నోటి నుంచి వచ్చిన మాట మాత్రం చాలా అరుదు. స్టయల్ అదృష్టం, అలాంటి వాంగ్మూలాలు రెండు మిగిలాయి.

1806 వేసవిలో జోసెఫ్ సెఫ్టన్, థామస్ ప్రీస్ట్‌లీ అనే ఇద్దరు కుర్రవాళ్ళు మిల్లు నుంచి పారిపోయారు. జోసెఫ్‌కు 17 ఏళ్ళు, థామస్‌కు 13. ఇద్దరూ లండన్ శివారు హాక్నీ వసతిగృహం నుంచి వచ్చినవాళ్ళు. అక్కడినుంచి మిల్లుకు దూరం 180 మైళ్ళకు పైమాటే. ఆ దారంతా నడిచి లండన్ చేరారు. పట్టుబడ్డాక ఆగస్టు 2న మిడిల్‌సెక్స్ మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టారు. అధికారులు అడిగారు, వీళ్ళు చెప్పారు, గుమాస్తా రాసుకున్నాడు.

వాళ్ళ మాటలు చదివితే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. ఎంతమంది పిల్లలున్నారో, ఎక్కడ పడుకుంటారో, ఏ పూట ఏం పెడతారో, ఆదివారానికి ఉతికిన చొక్కా ఎలా ఇస్తారో జోసెఫ్ వరసగా చెప్పాడు. పని తనకు నచ్చిందనే అన్నాడు. రోజూ రాత్రి అదనపు పని చేయించడం మాత్రం నచ్చలేదన్నాడు, ఎందుకంటే చదువుకోవాలని ఉందట. థామస్ తన చేతివేలి సంగతి చెప్పాడు. యంత్రంలో పడి ఎడమచేతి చూపుడువేలు తెగిపోయింది. మరెందుకు పారిపోయారని అడిగితే ఇద్దరి జవాబూ ఒక్కటే. అమ్మను చూడాలనిపించింది.

వసతిగృహం పిల్లలంటే అనాథలని మనం అనుకుంటాం. అందరూ అనాథలు కారు. పేదరికం వల్ల బిడ్డను దూరంగా వదులుకోవలసి వచ్చిన తల్లులు లండన్ పేదవాడల్లో ఉన్నారు. ఆ సంగతి మిల్లు పద్దుల్లో ఎక్కడా కనిపించదు. పద్దులో వేలు తెగిన మాట ఉండవచ్చు, పని ఆగిన రోజుల లెక్క ఉండవచ్చు. తల్లి కోసం కొన్ని రోజులు నడిచిన సంగతి, ఆ పిల్లవాడు నోరు విప్పితేనే తెలిసింది.

మిల్లులో వైద్యుడి పుస్తకం మరో రకం సాక్ష్యం. గ్రెగ్ తన కూలిపిల్లల కోసం పీటర్ హాలండ్ అనే వైద్యుణ్ణి వార్షిక జీతం మీద పెట్టుకున్నాడు. ఫ్యాక్టరీకి ఒక వైద్యుడంటూ ఉండటం లోకంలో అదే మొదలుకావచ్చని చరిత్రకారులంటారు. తర్వాతి కాలంలో పేరు తెచ్చుకున్న నవలా రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్‌కు ఈయన మేనమామ. కొత్తగా వచ్చిన పిల్లలను పరీక్షించడం, కళ్ళ జబ్బులకు, దగ్గులకు, గాయాలకు మందు చెప్పడం ఆయన పని. జలగలు పట్టించడం, విరేచనాలు చేయించడం ఆనాటి వైద్యంలో మామూలే. ఆ పుస్తకంలో పిల్ల పేరు, జబ్బు, చికిత్స ఉంటాయి. రెండు శతాబ్దాల కిందటి ఒక కూలిపిల్ల ఫలానా వారం గొంతునొప్పితో పడుకుందన్న సంగతి తెలియడం మామూలు విషయం కాదు. మన పల్లెల్లో వందేళ్ళ కిందటి మోతుబరి రైతుకు కూడా అంతటి వివరం దొరకదు.

అలాగని గ్రెగ్ దంపతులను దేవుళ్ళని చేయనక్కర్లేదు. ఆండ్రూ యూర్ అనే రచయిత 1835లో ఫ్యాక్టరీలను పొగుడుతూ రాసిన పుస్తకంలో క్వారీ బ్యాంక్ పిల్లల పోషణను ఎంతో మెచ్చుకున్నాడు. ఆనాటి చాలా మిల్లులతో పోలిస్తే ఇక్కడ తిండి, పడక, చదువు మెరుగే. కానీ ఇదే కుటుంబానికి వెస్టిండీస్‌లోని డొమినికా దీవిలో హిల్స్‌బరో అనే చెరకుతోట ఉండేది. అక్కడ పనిచేసింది ఆఫ్రికన్ బానిసలు. 1814లో ఆ తోట నుంచి పారిపోయిన బానిసలను పట్టుకుని విచారణ జరిపారు, కఠినశిక్షలు వేశారు. స్టయల్‌లో పారిపోయిన పిల్లవాణ్ణి మేజిస్ట్రేటు ప్రశ్నలడిగాడు. డొమినికాలో పారిపోయిన మనిషికి ప్రాణం మీదికొచ్చింది. 1833 చట్టంతో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. గ్రెగ్ కుటుంబానికీ అందులో వాటా దక్కింది. బానిసలకు ఒక్క పెన్నీ రాలేదు. మ్యూజియం వాళ్ళు ఇప్పుడు ఈ సంగతినీ దాచకుండా చెబుతున్నారు.

మళ్ళీ స్టయల్‌కు వద్దాం. ఆ ఊరి జ్ఞాపకాల్లో అందరికంటే గట్టి గొంతు ఎస్తర్ ప్రైస్‌ది. లివర్‌పూల్ నుంచి వచ్చిన అప్రెంటిస్ పిల్ల. 1836లో లూసీ గార్నర్ అనే తోటిపిల్లతో కలిసి పారిపోయింది. తిరిగి వచ్చాక కిటికీకి పలకలు కొట్టిన గదిలో ఒంటరిగా బంధించారు. అంతకుముందు పారిపోయే ఆడపిల్లలకు జుట్టు కత్తిరిస్తామని బెదిరించేవారు. ఎస్తర్‌కు ఆ శిక్ష వేయాలా, ఈ శిక్ష వేయాలా అన్న తర్జనభర్జన కూడా జరిగింది. అప్పటికి శామ్యూల్ గ్రెగ్ చనిపోయాడు, పెత్తనం కొడుకు రాబర్ట్ హైడ్ గ్రెగ్‌ది. ఎందుకు బంధించామో, ఎన్నాళ్ళు బంధించామో అతనే సంజాయిషీలా రాసిపెట్టాడు. అంటే అప్పటికే లోకం అడగడం మొదలుపెట్టిందన్నమాట. 1833 ఫ్యాక్టరీ చట్టంతో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. మిల్లు గోడల లోపలి వ్యవహారం యజమాని ఇంటి వ్యవహారంగా ఉండే రోజులు పోయాయి.

ఎస్తర్ కథలో అసలు విశేషం వేరే ఉంది. ఒప్పందపత్రంలో తన వయసు తక్కువ చేసి రాశారని, తాను విడుదల కావలసిన రోజు దాటిపోయిందని ఆమె వాదించింది. వాదించి ఊరుకోలేదు. లివర్‌పూల్ చర్చిలో తన బాప్తిస్మం నమోదైన ధ్రువపత్రం తెప్పించింది. కాగితం చూపించి ఒప్పందం నుంచి బయటపడింది. యజమాని కాగితంతో కట్టేస్తే, కూలిపిల్ల ఇంకో కాగితంతో ఆ కట్టు విప్పుకుంది. పోనీ ఆ తర్వాత ఊరు విడిచి వెళ్ళిపోయిందా అంటే, లేదు. అదే స్టయల్‌లో కాపురముంది, పిల్లలను కన్నది. మిల్లు మీద కోపం ఉండవచ్చు, ఊరు మాత్రం తనది.

2013లో బ్రిటన్‌లోని ఛానల్ 4 టీవీ ‘ది మిల్’ అనే ధారావాహిక తీసినప్పుడు ఎస్తర్ ప్రైస్‌నే ప్రధాన పాత్రగా తీసుకుంది. తీసినవాళ్ళకు ముడిసరుకు ఈ పాతకాగితాలే.

1830ల నాటికి పిల్లలను తెప్పించే పద్ధతి పాతబడింది. ఇన్‌స్పెక్టర్ల తనిఖీలు, చదువు చెప్పించాలన్న నిబంధన, లోకనింద, అన్నీ కలిసి అది గిట్టుబాటు కాని వ్యవహారమైంది. 1847లో క్వారీ బ్యాంక్‌లో అప్రెంటిస్ పద్ధతి పూర్తిగా ముగిసింది. దానికి బదులు కుటుంబాలను తెచ్చుకోవడం మొదలైంది. నిజానికి మిల్లు ఊరు ఊరుగా మారింది అప్పుడే.

1834లో ఇంగ్లండ్ కొత్త పేదల చట్టం తెచ్చింది. దక్షిణాన వ్యవసాయ కూలీలకు పని లేదు, ఉత్తరాన మిల్లులకు మనుషులు లేరు. కూలీలను ఇటు పంపితే రెండు చిక్కులూ తీరతాయని రాబర్ట్ గ్రెగ్ ఆ చట్టం అమలు చూస్తున్న ఎడ్విన్ చాడ్విక్‌కు ఉత్తరం రాశాడు. ఫలితంగా బకింగ్‌హామ్‌షైర్‌లోని బ్లెడ్లో గ్రామం నుంచి హౌలెట్, స్టీవెన్స్ కుటుంబాలు స్టయల్‌కు తరలివచ్చాయి. వాళ్ళతో చేసుకున్న ఒప్పందంలో కుటుంబపెద్దకు వారానికి ఎంత, ఏ వయసు పిల్లకు ఎంత, రెండో ఏడు ఎంత పెంచాలి అన్నీ విడివిడిగా రాసుకున్నారు. తండ్రి కూలి కంటే పిల్లల కూలి మొత్తం ఎక్కువయ్యే ఇళ్ళుండేవి. పిల్లలు ఎక్కువున్న కుటుంబమే మిల్లుకు ముద్దు.

ఇలా వచ్చినవాళ్ళకోసం, అంతకుముందు నుంచే ఉన్నవాళ్ళకోసం గ్రెగ్‌లు ఇళ్ళు కట్టించారు. 1820లలో కట్టిన ఓక్ కాటేజీలు ఇప్పటికీ ఉన్నాయి, మనుషులు కాపురాలుంటున్నారు. ముందుగది, వెనక వంటగది, పైన రెండు పడకగదులు, కింద నేలమాళిగ. ప్రతి ఇంటికీ విడిగా మరుగుదొడ్డి, కూరగాయలు పండించుకోవడానికి పెరడు. ఆనాటి మాంచెస్టర్ ఇరుకువాడల్లో ఒక మరుగుదొడ్డిని వీధంతా వాడుకునేవారు. దానితో పోలిస్తే ఇది మేలైన బతుకే. అయితే నేలమాళిగలో కూడా ఒక్కోసారి వేరే కుటుంబం కాపురముండేది. అద్దె జీతంలోనే పట్టుకునేవారు. ఊళ్ళో దుకాణం కూడా మిల్లుదే, అక్కడి అప్పు కూడా పద్దులోకే. 1820లలోనే బడి, నార్‌క్లిఫ్ ప్రార్థనా మందిరం వచ్చాయి.

ఇల్లు, అంగడి, బడి, గుడి అన్నీ ఒకే చేతిలో ఉంటే పని పోయిన రోజున ఇల్లు కూడా పోతుంది. మిల్లు క్వార్టర్లలో ఉన్నవాళ్ళకు ఎక్కడైనా ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అయినా స్టయల్ కుటుంబాలు తరాల తరబడి కదల్లేదు. జీతాల పుస్తకాల్లో అవే ఇంటిపేర్లు తాతనుంచి మనవరాలి దాకా సాగుతాయి. ఒక ఆడపిల్ల పేరు మొదట దూది గదిలో, కొన్నేళ్ళకు వడికే గదిలో, పెళ్ళయ్యాక వేరే ఇంటిపేరుతో కనిపిస్తుంది. వారసులు ఈ పుటలు తిరగేసినప్పుడు వంశవృక్షం ఒక్కో కొమ్మే బయటపడుతుంది.

ఇక యంత్రాల సంగతి. 1818లో ఇంజనీరు థామస్ హ్యూస్ రూపకల్పనతో నీటితో తిరిగే ఒక మహాచక్రం కట్టడం మొదలుపెట్టారు. 32 అడుగుల వ్యాసం, 21 అడుగుల వెడల్పు, దాదాపు 100 అశ్వశక్తి. ఎండాకాలం ఏరు చిక్కిపోతే ఆదుకోవడానికి 1810 నుంచే ఒక ఆవిరి యంత్రం కూడా ఉండేది. అయినా స్టయల్ నీటినే నమ్ముకుంది. 20వ శతాబ్దం మొదట్లో చక్రం స్థానంలో టర్బైన్లు వచ్చాయి. ఇప్పుడు మ్యూజియంలో తిరుగుతున్న ఇనుపచక్రం పాతది కాదు, యార్క్‌షైర్‌లోని వేరే మిల్లు నుంచి తెచ్చి అమర్చారు.

1830లలో మరమగ్గాలు కూడా వచ్చాయి. మగ్గాల షెడ్డులో చప్పుడు ఎంతంటే పక్కమనిషి అరిచినా వినబడదు. లాంకషైర్, చెషైర్ మిల్లుల్లో ఆడవాళ్ళు అందుకని పెదవులు కదిపి, చేతులు ఊపి మాట్లాడుకునే ఒక పద్ధతి అలవరచుకున్నారు. షెడ్డుకు ఈ కొసనుంచి ఆ కొసకు కబుర్లు, పెళ్ళి సంబంధాలు, మేస్త్రీ మీద చాడీలు అన్నీ నడిచేవి. మేస్త్రీకి ఒక్కముక్క తెలిసేది కాదు. ఇల్లు చేరినా ఆ అలవాటు పోయేది కాదు. చెవి పోయిన ముసలమ్మలకు అదే అక్కరకొచ్చేది. ఇలాంటి సంగతి ఏ పద్దులోనూ ఉండదు. 20వ శతాబ్దంలో మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తే, టేపుల మీద నిలిచింది.

1939లో గ్రెగ్ వంశీకుడు అలెగ్జాండర్ గ్రెగ్ మిల్లునూ ఊరినీ నేషనల్ ట్రస్ట్‌కు అప్పగించాడు. ట్రస్ట్ అంటే దేశంలోని పాతకట్టడాలను, తోటలను కాపాడే సంస్థ. మిల్లులో వ్యాపారపరంగా నేత 1959లో ఆగిపోయింది. కొన్నేళ్ళు ఊరికే పడి ఉన్న కట్టడం ఆ తర్వాత మ్యూజియం అయింది. గ్రెగ్‌ల ఉత్తరాలు, ఒప్పందాలు, పద్దులు కొన్ని మాంచెస్టర్ కేంద్ర గ్రంథాలయం ఆర్కైవులో, కొన్ని మిల్లులోనే భద్రపడ్డాయి. చరిత్రకారిణి మేరీ రోజ్ 1986లో గ్రెగ్‌ల వ్యాపారచరిత్ర రాసింది వాటి ఆధారంగానే. 2013లో డేవిడ్ సెకర్స్ హానా గ్రెగ్ జీవితచరిత్ర వెలువరించాడు. మామూలు మనుషుల సంగతి మాత్రం ఇంకా వాళ్ళ వారసులే వచ్చి పూరిస్తున్నారు. ఒకరు ఫొటో తెస్తారు, ఒకరు పాత ప్రార్థనా పుస్తకం మొదటి పేజీలో రాసిన పుట్టినరోజులు తెస్తారు. ఆర్కైవులో ఉన్న పేరుకు ఒక ముఖం దొరుకుతుంది.

స్టయల్ చెప్పేది ఇదీ. యజమాని పద్దు కూలి ఎంతో చెబుతుంది, ఆకలి చెప్పదు. ఇంట్లో చెప్పుకునే మాట ఆకలి చెబుతుంది, తేదీ తప్పుతుంది, కొన్నిసార్లు మనిషినే మార్చేస్తుంది. థామస్ ప్రీస్ట్‌లీ తెగిన వేలు, ఎస్తర్ ప్రైస్ బాప్తిస్మం కాగితం, హౌలెట్ కుటుంబం కూలి ఒప్పందం, ఇవన్నీ ఒకచోట చేరబట్టే ఊరి కథ నమ్మదగినదైంది.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో మిల్లు ఊళ్ళలో పుట్టిపెరిగినవాళ్ళు ఎందరో ఉంటారు. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ ఫ్యాక్టరీ శక్కర్‌నగర్ క్వార్టర్లలో మూడు తరాలు పెరిగాయి. 1933లో రైతులే సహకార పద్ధతిలో ఏటికొప్పాక చక్కెర మిల్లు పెట్టుకున్నారు. నెల్లిమర్ల, చిట్టివలస జనపనార మిల్లుల సైరన్‌తో నిద్రలేచిన ఊళ్ళున్నాయి. కాగితం మిల్లు ఊరు కాగజ్‌నగర్ ఉంది. మన దగ్గర మిల్లు మూతపడినప్పుడు యంత్రాలు తుక్కుకింద పోతాయి, పాతదస్త్రాలు చెదలకో, చిత్తుకాగితాల బండికో పోతాయి. మిగిలేది మీ ఇంట్లో ఉన్నదే.

అందుకని ఒక మనవి. అటకమీద నాన్నగారి గేటు పాసు, పి.ఎఫ్. స్లిప్పు, బోనస్ చీటీ, క్వార్టర్ కేటాయించిన కాగితం, చెరకు తోలినప్పుడు ఇచ్చిన తూకం చీటీ ఉంటే పారేయకండి. పాత ఫొటో దొరికితే అందులో ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళు ఏ సెక్షన్‌లో పనిచేశారో వెనకవైపు పెన్సిలుతో రాయండి. షిఫ్టులు చేసిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, ఆడవాళ్ళతో సహా, వాళ్ళచేత మాట్లాడించి ఫోనులో రికార్డు చేయండి. ఏ ఏడు చేరారు, మొదటి జీతం ఎంత, సమ్మె ఎప్పుడు జరిగింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఇవన్నీ అడగండి. వాటి నకళ్ళు మీ ఊరి గ్రంథాలయానికి, బడికి, జిల్లాలో చరిత్ర రాసేవాళ్ళకు ఒక్కోటి ఇవ్వండి. ఈ వారం ఆదివారమే మొదలుపెట్టవచ్చు.